'డిడ్ నాట్ వెంట్' అనేస్తున్నాను, ఎంత దిద్దుకున్నా పోవడం లేదు

నల్లగొండ పిల్ల
పదో తరగతి దాకా మా ఊరి జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియం చదివాను. ఇప్పుడు హైదరాబాద్‌లో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం. మెయిల్స్ ఒకటికి రెండుసార్లు చూసుకుని పంపుతాను కాబట్టి రాతలో ఇబ్బంది లేదు. మాట్లాడేటప్పుడే వస్తోంది గొడవ. 'ఐ డిడ్ నాట్ వెంట్', 'హీ డిడ్ నాట్ కేమ్', 'వి డిడ్ నాట్ రిసీవ్డ్'. తప్పని తెలుసు. డిడ్ తర్వాత మొదటి రూపమే రావాలనే రూల్ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ మాట నోరు దాటాక గానీ గుర్తు రాదు.

మొన్న మంగళవారం కాల్‌లో పదిహేను మంది ఉన్నారు. 'ద క్లయింట్ డిడ్ నాట్ సెంట్ ద ఫైల్' అన్నాను. మా టీమ్ లీడ్ మధ్యలో ఆపి 'సెండ్' అన్నాడు. ఆ ఒక్క మాటే. కోప్పడలేదు కూడా. కానీ ఆ తర్వాత చెప్పాల్సిందంతా మర్చిపోయాను. మ్యూట్ పెట్టుకుని కాల్ అయ్యేదాకా అలాగే కూర్చున్నాను.

రెండో టెన్షన్ ఫ్రేజల్ వెర్బ్స్, అంటే క్రియకు చిన్న మాట తగిలి అర్థమే మారిపోయేవి. గెట్ ఓవర్, గెట్ త్రూ, గెట్ బై, గెట్ అవే. అమీర్‌పేటలో ఒక పుస్తకం కొని రోజుకు 20 చొప్పున బట్టీ పట్టాను. 'పుట్ అప్ విత్' నేర్చుకున్న రోజే 'పుట్ ఆఫ్' మర్చిపోయాను. ఈ రెండూ దాటి వచ్చినవాళ్ళు ఎలా దాటారో చెప్పండి. ఇంగ్లీష్ సినిమాలు చూడమని మాత్రం చెప్పకండి, చూస్తూనే ఉన్నాను.

ఉల్లిదోశ
నా కథే రాసినట్టుంది. నాది 'ఐ డిడ్ నాట్ న్యూ'. ఎనిమిదేళ్ళ సర్వీసు, ఇప్పటికీ పోలేదు.

రైలుబండి
ఇంత బాధపడాల్సిన విషయం కాదండీ. 'డిడ్ నాట్ సెంట్' అన్నా అవతలివాడికి అర్థమైంది కదా. భాష ఉన్నది అర్థం కావడానికి. మా ఆఫీసులో ఇటలీ వాళ్ళు, బ్రెజిల్ వాళ్ళు ఇంతకంటే ఎక్కువ తప్పులు మాట్లాడతారు, వాళ్ళు మ్యూట్ పెట్టుకోరు. మీరూ మాట్లాడుతూ పోండి.

గుంటూరు నర్సు
రైలుబండి గారూ, మీ మాటలో ధైర్యం ఉంది, ఒప్పుకుంటాను. కానీ అన్ని ఉద్యోగాలూ ఒకటి కాదు. నేను ఇంగ్లండ్‌లో వార్డు నర్సును. డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల సంగతి నోటితో అప్పజెప్పాలి. మాత్ర వేసుకున్నాడా, వేసుకోలేదా అన్నది ఆ ఒక్క వాక్యంలోనే ఉంటుంది. వచ్చిన కొత్తలో 'హీ డిడ్ నాట్ టుక్ ద టాబ్లెట్' అన్నాను. నేను గబగబా మాట్లాడే మనిషిని, 'నాట్' మింగేశాను. అవతలి నర్సుకు 'టుక్' ఒక్కటే వినబడింది, వేసుకున్నాడనుకుంది. చార్ట్ చూసి మళ్ళీ అడిగింది కాబట్టి సరిపోయింది. అదే 'టేక్' అని ఉంటే నాట్ వినబడకపోయినా ఆవిడకు అనుమానం వచ్చేది. ఆ రోజు నుంచి ఈ తప్పును నేను చిన్నదిగా చూడలేదు.

రైలుబండి
ఇది నేను ఆలోచించలేదు అక్కా. నిజమే.

పాత పంతులు
31 ఏళ్ళు సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. సంధ్యవేళ ఈ పోస్టు చూశాను, భోజనం చేసి వచ్చి రాస్తున్నాను.

అమ్మాయీ, 'నిన్న వెళ్ళాను' అన్న మాటను లేదని చెప్పు. 'నిన్న వెళ్ళలేదు' అంటావు. 'వెళ్ళానులేదు' అని ఎప్పుడైనా అన్నావా? అనాలనుకున్నా నోరు తిరగదు.

ఇప్పుడు నెమ్మదిగా చూడు. వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు. ఒక్కో మాటకు ఒక్కో తోక. లేదు వచ్చి చేరగానే తోకలన్నీ ఊడిపోయి అందరికీ 'వెళ్ళలేదు' ఒక్కటే మిగులుతుంది. అయిపోయిన సంగతి అన్న బరువంతా లేదు మోస్తోంది, క్రియ బోడిగా నిలబడింది. ఇంగ్లీషులో ఆ బరువు డిడ్ మోస్తుంది. గో బోడిగా నిలబడుతుంది. వెళ్ళ అంటే గో, లేదు అంటే డిడ్ నాట్. నీకు రాదనుకుంటున్న రూలు నువ్వు పుట్టిన దగ్గర్నుంచి తెలుగులో పాటిస్తున్నదే.

మరి తప్పెందుకు వస్తోంది? వరస తలకిందులు కావడం వల్ల. మనం క్రియను ముందు బోడిగా పలికి, చివర లేదు తగిలిస్తాం. వాళ్ళు డిడ్ నాట్ ముందే అనేస్తారు. మన మనసులో నిన్నటి ధ్యాస ఇంకా తీరదు, ఆ ఊపులో క్రియ దగ్గరికి వచ్చేసరికి 'వెంట్' పడిపోతుంది. ఒకే బరువును రెండు భుజాల మీద పెడుతున్నాం.

నా పిల్లలకు నేను రూలు చెప్పడం మానేసి జంటలు చెప్పించాను. వచ్చాడు, రాలేదు, డిడ్ నాట్ కమ్. ఇచ్చాడు, ఇవ్వలేదు, డిడ్ నాట్ గివ్. తెచ్చాడు, తేలేదు, డిడ్ నాట్ బ్రింగ్. చూశావా, వచ్చాడులోని 'వచ్చ' మొత్తం పోయి 'రా' తిరిగి వచ్చింది. కేమ్ పోయి కమ్ వచ్చినట్టే. బ్రాట్ పోయి బ్రింగ్ వచ్చినట్టే.

ఉల్లిదోశ
మాస్టారూ, 'వచ్చాడు, రాలేదు' చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. ముప్పై ఏళ్ళుగా మాట్లాడుతున్న భాషలో ఇది ఉందని ఎప్పుడూ గమనించలేదు.

జగిత్యాల టు షార్జా
మా దగ్గర ఇంకా సాఫ్ ఉంటది సార్. పోయిన, పోలే. వచ్చిన, రాలే. తిన్న, తినలే. 'పో' అంటే గో, 'లే' అంటే డిడ్ నాట్. ఇంతకన్న చిన్నగ ఇంగ్లీషోనికి గూడ రాదు.

పాత పంతులు
బాగా చెప్పావు నాయనా. 'పోలే'లో ఎముకలు స్పష్టంగా కనబడుతున్నాయి.

కాఫీ ఫిల్టర్
మాస్టారి మీద గౌరవంతోనే ఒక మాట. తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చడమే మనవాళ్ళ అసలు జబ్బు. విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. రెండో భాగంలో కార్డు ఇచ్చి 1 నిమిషం టైమ్ ఇస్తారు, ఆ తర్వాత 2 నిమిషాల దాకా ఆపకుండా మాట్లాడాలి. అక్కడ కూర్చుని 'రాలేదు, డిడ్ నాట్ కమ్' అని లెక్క వేసుకుంటే టైమ్ అక్కడే అయిపోతుంది. నేను రెండుసార్లు రాశాను. మొదటిసారి తడబడింది సరిగ్గా ఇందుకే. తెలుగును పక్కన పెట్టాకే మాట సాఫీగా వచ్చింది.

పాత పంతులు
పరీక్షలో లెక్క వేయమని నేను చెప్పను. సాధన ఇంట్లో చెయ్యాలి. సైకిల్ నేర్చుకునేటప్పుడు పెడల్ ఎక్కడుందో కిందికి చూస్తాం, వచ్చాక చూడం. ఈ అమ్మాయికి రూలు తెలుసు, నోటికి నమ్మకం లేదు. 'ఇది నాకు తెలిసిన పద్ధతే' అన్న నమ్మకం తెలుగు ఇస్తుంది. ఆ తర్వాత తెలుగును వదిలేసినా నాకు అభ్యంతరం లేదు.

కాఫీ ఫిల్టర్
సాధనకైతే సరే. కానీ ఒక చిక్కుంది మాస్టారూ. 'లేదు' అన్నచోటల్లా డిడ్ నాట్ పెడితే కొంపలంటుకుంటాయి. 'నిన్న తినలేదు', 'ఇంకా తినలేదు' మనకు ఒకటే రూపం. ఇంగ్లీషులో మొదటిది డిడ్ నాట్ ఈట్, రెండోది హ్యావ్ నాట్ ఈటెన్. నాకు ఎక్కువ తప్పులు ఇక్కడే వచ్చేవి.

పాత పంతులు
ఇది చాలా అవసరమైన సవరణ. నేను వదిలేశాను. 'నిన్న', 'పోయినేడు', 'పొద్దున ఎనిమిదింటికి' లాంటి ముగిసిపోయిన కాలం ఉంటే డిడ్ నాట్. 'ఇంకా', 'ఇప్పటిదాకా' లాంటి మాట పక్కనుంటే హ్యావ్ నాట్. 'ఇంకా' కనబడగానే ఆగండి. అమెరికా వాళ్ళు మాటల్లో 'డిడ్ నాట్ ఈట్ యెట్' అనేస్తారు, అది వేరే సంగతి.

ఉల్లిదోశ
ఇంకో డౌటు. 'నేను నిన్న ఇంట్లో లేను' కి 'ఐ డిడ్ నాట్ వాజ్' అనకూడదు కదా. ఎందుకు?

జగిత్యాల టు షార్జా
'ఉండలే' అంటే వేరే అర్థం అన్నా. ఉండలే అంటే నిలవలే, డిడ్ నాట్ స్టే. ఇంట్ల 'లేను' అంటవు. దానికి దాని సొంత లేను ఉంది, అరువు లేదు అక్కర్లే.

పాత పంతులు
సరిగ్గా అదే. ఉన్నానుకు లేను సొంతం, వాజ్‌కు వాజ్ నాట్ సొంతం. కుడ్, హ్యాడ్ లాంటివి కూడా నాట్‌ను తామే తగిలించుకుంటాయి, డిడ్ సాయం అడగవు. ఇందులో హ్యాడ్ ఒక్కదానికి జాగ్రత్త. 'హ్యాడ్ నాట్ ఈటెన్'లో అది సాయపడే క్రియ కాబట్టి నాట్ దానికే. 'నా దగ్గర టైమ్ లేకపోయింది' అన్నప్పుడు అదే అసలు క్రియ, అప్పుడు 'డిడ్ నాట్ హ్యావ్ టైమ్' అనడమే ఇప్పటి వాడుక.

తూము గట్టు
మా ఇంట్లో తాతగారి కింగ్ జేమ్స్ బైబిల్ ఉంది, 1611 నాటి అనువాదం. ఆదికాండం 28వ అధ్యాయంలో యాకోబు నిద్ర లేచి 'ఐ న్యూ ఇట్ నాట్', అంటే 'అది నాకు తెలియలేదు' అంటాడు. అక్కడ డిడ్ లేదు, అందుకని జరిగిపోయిన కాలాన్ని 'న్యూ'నే మోసింది. డిడ్ అలవాటయ్యాక 'న్యూ' ఆ బరువు దింపేసి 'నో' అయిపోయింది. మాస్టారు చెప్పిన భుజాల లెక్క ఇక్కడ కళ్ళకు కనబడుతోంది.

నల్లగొండ పిల్ల
ఆఫీసు నుంచి రాగానే అన్నీ చదివాను. ఒకచోట కళ్ళలో నీళ్ళు తిరిగాయి, 'నీకు రాదనుకుంటున్న రూలు' దగ్గర. మాస్టారూ, రేపటి నుంచి జంటలు మొదలుపెడతాను. ప్రశ్నలకు కూడా ఇదేనా? 'డిడ్ హీ కేమ్' అని కూడా అంటాను నేను.

పాత పంతులు
ఇదే. డిడ్ అన్న మాట వాక్యంలో ఎక్కడున్నా క్రియ బోడి. డిడ్ హీ కమ్.

డల్లాస్ బావ
మొదటి సగం అయింది కాబట్టి ఫ్రేజల్ వెర్బ్స్ ఎత్తుకుంటున్నాను. చెల్లీ, ఆ పుస్తకం మూసెయ్యి. ఎందుకో ఒక జరిగిన సంగతితో చెప్తాను.

మా టీమ్‌లో ఒక మరాఠీ అమ్మాయి ఉంది, తెలుగు కుర్రాణ్ణి చేసుకుంది, పట్టుదలగా తెలుగు నేర్చుకుంటోంది. ఒక పండక్కి మా ఇంటికి వచ్చి మా అమ్మతో 'మా అక్క రోజూ లేటుగా లేస్తుంది, ఇవాళ మాత్రం పొద్దున్నే లేచిపోయింది' అంది. మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. 'అయ్యో, ఎవరితో తల్లీ?' అని అడిగింది. ఆ అమ్మాయికి వాక్యంలో తప్పెక్కడుందో తెలియదు. పడిపోయింది, నిద్రపోయింది, అలసిపోయింది అన్నీ సరైనవే కదా, లేచిపోయింది ఎందుకు కాదు?

మన దగ్గర ఇవి ఎన్ని ఉన్నాయో చూడండి. 'కొట్టు' తీసుకోండి. కొట్టేశాడు అంటే దొంగిలించాడు. కొట్టిపారేశాడు అంటే మాట లెక్కచెయ్యలేదు. కొట్టుకుపోయింది అంటే వరద. కొట్టుకుంటోంది అంటే గుండె. కొట్టొచ్చినట్టు కనబడుతోంది అంటే అక్కడ ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. వీటిని మనం పట్టిక రాసుకుని నేర్చుకోలేదు. కొట్టుకుపోయింది అన్న మాట వరద వార్తతో పాటు వచ్చింది, కొట్టేశాడు అన్నది పోయిన సైకిల్‌తో పాటు వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ గివ్ అప్, గివ్ ఇన్ కూడా వాళ్ళకు అలాగే వచ్చాయి.

మునగచెట్టు
లేచిపోయింది 😂 అమ్మగారి గరిటె కళ్ళ ముందు కనబడింది.

కాఫీ ఫిల్టర్
'చూడు' కుటుంబం ఇంకా దగ్గర. లుక్ అంటే చూడు. లుక్ ఆఫ్టర్ అంటే చూసుకో. లుక్ ఫార్వర్డ్ టు అంటే ఎదురుచూడు. లుక్ డౌన్ ఆన్ అంటే చిన్నచూపు చూడు. మనకూ వాళ్ళకూ మూలం చూపే. ఇక్కడే ఒక జాగ్రత్త: లుక్ ఫార్వర్డ్ టు తర్వాత 'హియర్' రాదు, 'హియరింగ్' రావాలి. మన మెయిల్స్ చివర వాక్యంలో ఈ తప్పు చాలా చూస్తుంటాను.

ఉల్లిదోశ
కాఫీ ఫిల్టర్ గారు తెలుగును పక్కన పెట్టమన్నారు, ఇప్పుడు ఆయనే చూసుకో, ఎదురుచూడు అంటున్నారు. మాస్టారు గెలిచారు.

కాఫీ ఫిల్టర్
గెలవనివ్వండి. ఆయన చెప్పాకే నాకూ ఇవి తట్టాయి.

జగిత్యాల టు షార్జా
నేను పుస్తకం ముట్టలే. ఎలక్ట్రీషియన్ పని మీద 2013ల వచ్చిన. మొదటి నెల మా ఫోర్‌మన్, ఫిలిప్పీన్స్ ఆయన, పైనుంచి 'వాచ్ ఔట్!' అని ఒర్లిండు. వాచ్ అంటే చూడు, ఔట్ అంటే బయట. నేను తలకాయ తిప్పి బయటికి చూసిన. నా బూటు పక్కన జానెడు దూరంల పైపు పడ్డది. నేలల గుంత పడ్డది, నా చెవులల్ల గుయ్యిమన్నది. ఆయన దిగొచ్చి నా భుజం పట్టుకుని ఏం మాట్లాడలే, నీళ్ళ బాటిల్ ఇచ్చిండు.

వాచ్ ఔట్ నేను ఇప్పటిదాక మర్చిపోలే, సచ్చేదాక మర్చిపోను. ఆ తర్వాత ఏ మాట విన్నా అది ఏ పని మీద అన్నరో చూసి పట్టుకున్న. ప్లగ్ ఇన్, స్విచ్ ఆఫ్, స్క్రూ డౌన్, హోల్డ్ ఆన్. హోల్డ్ ఆన్ అంటే ఆగు అని, పట్టుకో అని గూడ. నిచ్చెన మీదున్నోనికి అంటే పట్టుకో. ఫోన్ల అంటే ఆగు.

నల్లగొండ పిల్ల
అన్నా, చదువుతుంటేనే భయమేసింది. బాగున్నారు కదా, అది చాలు.

గుంటూరు నర్సు
ఆసుపత్రిలో కూడా పేషెంట్లు పుస్తకాల మాటలు మాట్లాడరు. ఇండియాలో ఓఈటీ, అంటే వైద్యరంగం వాళ్ళకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష, పాసై వచ్చాను, వామిటింగ్, అన్‌కాన్షస్ లాంటి మాటలన్నీ వచ్చు. మొదటి వారం ఒక పెద్దావిడ పక్క మంచం ఆయన్ని చూపించి 'హీ బ్రాట్ అప్ హిస్ బ్రేక్‌ఫాస్ట్' అంది. మా వార్డు మూడో అంతస్తు. కింద నుంచి టిఫిన్ తానే పైకి తెచ్చుకున్నాడు కాబోలు, ఓపిక వచ్చినట్టుంది అనుకుని సంతోషంగా నవ్వాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. వెళ్ళి చూస్తే దుప్పటి మీద వాంతి.

బ్రింగ్ అప్ అంటే పెంచడమని పరీక్ష కోసం చదువుకున్నాను. తిన్నది బయటికి రావడం కూడా అదేనని ఆ దుప్పటి మారుస్తూ నేర్చుకున్నాను. కమ్ రౌండ్ అంటే ఆపరేషన్ తర్వాత స్పృహలోకి రావడం. పాస్ ఔట్ అంటే స్పృహ తప్పడం. పాస్ అవే అంటే చనిపోవడం. ఔట్, అవే తేడా ఇంట్లోవాళ్ళకు ఫోన్ చేసేటప్పుడు ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు.

రైలుబండి
పాస్ ఔట్ అనగానే గుర్తొచ్చింది, ఇంటర్వ్యూల్లో మనమంతా 'ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2016' అంటాం కదా! మన దేశంలో డిగ్రీ అయిందని అర్థం చేసుకుంటారు, బయట స్పృహ తప్పాడనుకుంటారు. 'గ్రాడ్యుయేటెడ్' అంటే ఎక్కడైనా చెల్లుతుంది. అలాగే 'కోప్ అప్ విత్' అనే మాట లేదు, 'కోప్ విత్' మాత్రమే. 'రిటర్న్ బ్యాక్'లో బ్యాక్ దండగ. 'డిస్కస్ అబౌట్'లో అబౌట్ దండగ.

మునగచెట్టు
ఇంకోటి 'ఆన్ ద ఫ్యాన్', 'ఆఫ్ ద లైట్'. ఫ్యాన్ ఆన్ చెయ్యి, లైట్ ఆఫ్ చెయ్యి అని రోజూ అనీ అనీ అందులో స్విచ్ ఎగిరిపోయింది.

ఇట్ ఎక్కడ పెట్టాలన్నది కూడా చెప్పాలి. 'స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్' సరే, 'స్విచ్ ద ఫ్యాన్ ఆఫ్' సరే. ఫ్యాన్ బదులు ఇట్ వస్తే మాత్రం మధ్యలోనే కూర్చోవాలి, 'స్విచ్ ఇట్ ఆఫ్'. 'స్విచ్ ఆఫ్ ఇట్' తప్పు. అన్నీ ఇలా విడవవు. లుక్ ఆఫ్టర్ విడవదు, 'లుక్ ఆఫ్టర్ ఇట్' అనాలి. ఏది విడుతుందో లాంగ్‌మన్ డిక్షనరీలో చూడండి, విడిపోయేవాటి మధ్య రెండు వైపులా మొనలున్న బాణం గుర్తు ఉంటుంది. మూడు మాటలవి, పుట్ అప్ విత్, రన్ ఔట్ ఆఫ్ లాంటివి, చాలావరకు చివరి మాట తర్వాతే ఇట్‌ను ఒప్పుకుంటాయి.

ఉల్లిదోశ
రన్ ఔట్ ఆఫ్ మా ఇంట్లో బాగా నడుస్తుంది. మా అబ్బాయికి ఏడేళ్ళు, క్రికెట్ పిచ్చి. పాలు అయిపోయాయంటే 'మిల్క్ రన్ ఔట్' అని అంపైర్‌లా వేలు ఎత్తుతాడు. ఇంట్లో ఎవరికీ ఆ మాట మర్చిపోయే అవకాశం లేదు.

పరీక్షల పక్షి
అందరూ పట్టికలు వద్దంటున్నారు. పోటీ పరీక్షలు రాసే మా పరిస్థితి వేరు. పేపర్లో 'కాల్ ఆఫ్' ఇచ్చి నాలుగు అర్థాలు ఇస్తారు. పని మీద నేర్చుకుందామంటే మాకు వార్డూ లేదు, సైటూ లేదు. రూమ్, కుర్చీ, పుస్తకం, ఇంతే. బట్టీ పట్టకుండా ఎలా?

డల్లాస్ బావ
తమ్ముడూ, నీ మాట న్యాయమే, నేను తొందరపడి పుస్తకం మూసెయ్యమన్నాను. పుస్తకం ఉంచు, వరస మార్చు. గెట్‌తో మొదలయ్యేవన్నీ ఒకేరోజు చదివితే ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోతాయి. బదులుగా ఒక సంగతి తీసుకో. సమ్మె అనుకో. కాల్ ఆఫ్ అంటే విరమించడం, గివ్ ఇన్ అంటే దిగిరావడం, టర్న్ డౌన్ అంటే తోసిపుచ్చడం, కారీ ఆన్ అంటే కొనసాగించడం. నాలుగూ ఒకే వార్తలో పడతాయి. రోజూ పేపర్లో ఒక తెలుగు వార్త తీసుకుని అందులోని జంట క్రియలకు ఇంగ్లీషులో ఏమంటారో వెతుకు. రోజుకు నాలుగు చాలు.

పరీక్షల పక్షి
దిగిరావడం, తోసిపుచ్చడం... ఇవి కూడా అలాంటివేనని అనుకోలేదు అన్నా. రేపటి పేపర్ నుంచి చేస్తాను.

తూము గట్టు
కష్టం మనకొక్కరికే అనుకోకండి. డాక్టర్ జాన్సన్ 1755లో తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలోనే రాశాడు, క్రియకు చిన్న మాట తగిలించి అర్థం మార్చే ఈ పద్ధతి పరాయివాళ్ళను అన్నిటికంటే ఎక్కువ కష్టపెడుతుందని. అందుకే వాటిని ప్రత్యేకంగా శ్రద్ధ తీసుకుని చేర్చానన్నాడు.

గుంటూరు నర్సు
ఆయన అప్పుడే చెప్పాడా! నా దుప్పటి రోజున ఎవరైనా నాకు ఈ మాట చెప్పి ఉంటే కొంచెం తక్కువ ఏడ్చేదాన్ని.

మునగచెట్టు
ఆఫీసుల్లో ఉన్నవాళ్ళకు ఒక మాట. లాగిన్, బ్యాకప్, ఫాలోఅప్, సెటప్, చెకప్ ఇవన్నీ మనం తెలుగులో రోజూ వాడే ఫ్రేజల్ వెర్బ్సే, నామవాచకాలుగా మారి వచ్చాయి. ఫాలోఅప్ చేశాను అంటాం కాబట్టి ఇంగ్లీషులో 'ఐ డిడ్ ఫాలోఅప్' అనేస్తాం, దాన్ని కాదనాలంటే 'డిడ్ నాట్ డిడ్ ఫాలోఅప్' దాకా వెళ్ళినవాళ్ళను విన్నాను. విడగొట్టండి. ఫాలో అప్, ఫాలోడ్ అప్, డిడ్ నాట్ ఫాలో అప్. కాలం గుర్తు ఎప్పుడూ మొదటి మాటకే, అప్‌కు ఏమీ అంటదు.

నల్లగొండ పిల్ల
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో రోజూ జంటలు చెప్పుకుంటున్నాను, లోపల్లోపల, పెదవులు మాత్రం కదుపుతూ. తెచ్చాడు, తేలేదు, డిడ్ నాట్ బ్రింగ్. పక్కన కూర్చున్న పెద్దావిడ జపం చేసుకుంటున్నాననుకుని జరిగి చోటిచ్చింది.

మూడో రోజుకే తేడా తెలిసింది. తప్పు పోలేదు కానీ నోటి దాకా వచ్చి ఆగుతోంది. 'డిడ్ నాట్...' అన్నాక ఒక్క క్షణం ఖాళీ వస్తోంది, అందులో 'రా' వినబడుతోంది, కమ్ వస్తోంది. ఆ ఖాళీ రోజురోజుకూ చిన్నదవుతోంది.

నిన్నటి కాల్‌లో అదే క్లయింట్ సంగతి వచ్చింది. 'దే డిడ్ నాట్ గెట్ బ్యాక్ టు అస్, సో ఐ ఫాలోడ్ అప్ ఆన్ మండే' అన్నాను. ఆగకుండా వచ్చేసింది. ఎవరూ ఏమీ అనలేదు, మా లీడ్ తర్వాతి విషయానికి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం మెడ దాకా వేడెక్కింది. వెంటనే ఒక 'డిడ్ యూ సా' కూడా పడింది, అది నేనే దిద్దుకున్నాను, మ్యూట్ పెట్టుకోలేదు.

జగిత్యాల టు షార్జా
చెల్లె, ఇది చదివి మా రూమ్‌ల అందరికి వినిపించిన.

పాత పంతులు
ఆ ఖాళీ గురించి రాశావే, నా 31 ఏళ్ళలో ఏ పిల్లవాడూ దాన్ని నాకు ఇంత వివరంగా చెప్పలేదు. ఉండనియ్యి దాన్ని, తోసెయ్యకు. దానంతట అదే పూడిపోతుంది.

కొత్త చేరిక 77
ఇప్పుడే చేరాను, మొత్తం చదివాను. 'యూజ్డ్ టు'కు నెగటివ్ ఎలా? 'నేను ఇదివరకు కాఫీ తాగేవాణ్ణి కాదు' అనాలి. మాస్టారి లెక్క ప్రకారం ఇందులో లేదు రావడం లేదు, కాదు వచ్చింది. ఏం చెయ్యాలి?

నల్లగొండ పిల్ల
మాస్టారు పడుకుని ఉంటారు, నేను చెప్పనా? మీరన్నది నిజమే, ఇక్కడ తెలుగు లెక్క కుదరదు. తాగేవాణ్ణిలో తోక అలాగే ఉండి కాదు వచ్చింది. కానీ ఇంగ్లీషులో డిడ్ వచ్చింది కాబట్టి యూజ్డ్ చివర ఉన్న డి పోవాలి. 'ఐ డిడ్ నాట్ యూజ్ టు డ్రింక్ కాఫీ'. పలికితే రెండూ ఒకేలా వినబడతాయి, రాసేటప్పుడు చూసుకోండి. పొద్దున మాస్టారు వచ్చి తప్పైతే దిద్దుతారు.

పాత పంతులు
ఇంకా పడుకోలేదమ్మా. దిద్దడానికేమీ లేదు.